పాడని పిల్ల మీద నేను రాసిన రిపోర్టు

2022 ఆగస్టు. అప్పట్లో నేను కోదాడకు ఇవతల, హైవే నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో పీఈటీగా పనిచేస్తున్నాను. పీఈటీ అంటే వ్యాయామ ఉపాధ్యాయుడు. మా సొంతూరు ఆత్మకూర్ (ఎస్) మండలంలో, కాపురం సూర్యాపేటలో. ఏడున్నర బస్సు తప్పిపోతే ఆ రోజు అసెంబ్లీ తప్పిపోయినట్టే కాబట్టి, ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను దాదాపుగా ఏ రోజూ ఆలస్యంగా పోలేదు.

మా పని అంటే అందరికీ ఆటలే గుర్తొస్తాయి. నిజానికి ఆటల పీరియడ్‌ను లెక్కల సారో, సైన్సు సారో అడిగి తీసుకుంటారు. ఎవరూ అడిగి తీసుకోనిది అసెంబ్లీ ఒక్కటే. పొద్దున్నే పిల్లలందరినీ వరుసల్లో నిలబెట్టి ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు, చివర జాతీయ గీతం. పదిహేను నిమిషాల పని. ఆ పదిహేను నిమిషాలూ మూడు వందల మంది పిల్లలు నా చూపులో ఉంటారు. ఎవరి చెప్పు తెగింది, ఎవరు తినకుండా వచ్చారు, ఎవరు ఏడ్చి వచ్చారు, అన్నీ తెలిసిపోతాయి.

ఎస్తేరు పాడటం లేదని కూడా అట్లాగే తెలిసింది.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి. మా ఖోఖో జట్టులో ఛేజర్, అంటే తరిమి పట్టుకునే ఆటగత్తె. స్తంభం దగ్గర గాలిలోకి దూకి అవతలి అమ్మాయి మడమను వేలి కొసతో తాకేది. నేర్పితే వచ్చే విద్య కాదు అది. ఆ ఏడు జిల్లా జట్టులోకి తప్పకుండా వస్తుందని నేను అందరితో చెబుతూ ఉండేవాణ్ణి. తండ్రి ఏసోబు మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీ. మిల్లులోనే ఉండి శనివారం సాయంత్రం ఇంటికొచ్చేవాడు. తల్లి మార్తమ్మ కూలికి పోయేది.

ఎనిమిదో తరగతిలో అందరిలాగే పాడిన పిల్ల, వేసవి సెలవుల తర్వాత జాతీయ గీతం మొదలవగానే నిటారుగా నిలబడి, చేతులు కిందికి ఆనించి, పెదాలు మూసుకుని ఉంటోంది. వారం చూసి, ఒక సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక అడిగాను.

“ఏం బిడ్డా, గొంతు బాగలేదా? పాడుతలేవు.”

“గొంతు బాగనే ఉంది సార్. మేం ఎండాకాలం నుంచి వేరే ప్రార్థన సంఘానికి పోతున్నం. పాటతోని స్తుతి చేసుడు దేవునికి ఒక్కనికే అని నమ్ముతం సార్. లేసి నిలబడుత. మర్యాద ఏం తక్కువ చెయ్య.”

“అమ్మ చెప్పిందా పాడొద్దని?”

“అమ్మ నీ ఇష్టం అన్నది సార్. నేనే అనుకున్న.”

నాకు చిరాకేసింది. “అయితే పెదాలు కదిలియ్యి చాలు. ఎవరు వింటున్నరు?”

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. “ఉత్తుత్తగ పాడితే అబద్ధం అయితది గద సార్. అది ఇంకా తప్పు గద.”

పో పో అని పంపించేశాను. మరునాడు స్టాఫ్ రూములో టీ తాగుతూ ఈ మాట నవ్వులాటగా చెప్పాను. అక్కడ చెప్పిన మాట సాయంత్రానికి ఊళ్ళో ఉంటుందని తెలిసి కూడా చెప్పాను.

స్వాతంత్ర్యం వచ్చి డెబ్భై అయిదేళ్ళయిన సందర్భంగా ఆ ఆగస్టులో ఊరూరా జాతీయ గీతాన్ని అందరూ ఒకేసారి పాడే కార్యక్రమం పెట్టారు. మా ఊరి కూడలిలో పిల్లలు, టీచర్లు, ఊరి పెద్దలు, ఆటోవాళ్ళు, అందరం నిలబడ్డాం. నేను విజిల్ వేశాను. పాట జరుగుతున్నంతసేపూ ఎవరో ఫోను పట్టుకుని తీస్తున్నారు. ఆ ఫోను ఎస్తేరు ముఖం దగ్గర ఆగిందని సాయంత్రం ఊరి వాట్సాప్ గ్రూపులో వీడియో చూసేదాకా నాకు తెలియదు. కింద రాసిన మాటలు ఇక్కడ రాయలేను. పిల్ల పేరు, కాలనీ పేరు, తండ్రి పేరు, అన్నీ పెట్టారు.

మరునాడు పది గంటలకు స్కూలు కమిటీ ఛైర్మన్ సైదులు గారు అయిదారుగురితో హెచ్ఎం గదికి వచ్చారు. సైదులు గారు గొడవలమారి మనిషి కాదు. బడికి బోరు వేయించిన మనిషి. ఆయన తమ్ముడు సైన్యంలో పనిచేసి వచ్చాడు. ఆ రోజు వస్తూనే మొదలుపెట్టారు.

“మా తమ్ముడు మంచుల కావలి ఉండి వచ్చిండు మేడం. గీడ మన పిల్లలు రెండు నిమిషాలు పాట పాడకపోతే ఎట్ల? సినిమా హాల్లల్ల కూడ తప్పదన్నరు గద. బడిల చెల్లుతదా?”

మా హెచ్ఎం రాజ్యలక్ష్మి మేడమ్‌ది కోదాడ. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. సంజాయిషీ అడిగే మెమో ఒక్కటి కూడా లేని సర్వీసు ఆవిడది. వాళ్ళను సముదాయించి పంపి నన్ను కూర్చోమన్నారు.

“మాస్టారూ, ఇది పేపర్లోకి ఎక్కితే మనం ఆపలేమండీ. టీసీ ఇచ్చేద్దాం. మిర్యాలగూడలో వాళ్ళ నాన్న దగ్గరే ఏదో బడిలో చేరుతుంది.”

టీసీ అంటే బదిలీ పత్రం. పిల్లను బడి నుంచి తీసేశాం అని ఎక్కడా రాయనక్కర్లేకుండా తీసేసే దారి అది. తండ్రే అడిగినట్టు ఒక దరఖాస్తు రాయించుకుంటే చాలు. ఫైలులో ఉండటానికి అసెంబ్లీ చూసేవాడిగా నన్నొక రిపోర్టు ఇమ్మన్నారు. రాశాను. ‘నిలబడినది, కాని పాడలేదు. చెప్పినను వినలేదు.’ మేడమ్ చదివి, “ఇది చాలదండీ. అవమానించింది అన్న మాట ఉండాలి కదా” అన్నారు. నేను కలం తీసుకుని ఆ మాట చేర్చి సంతకం పెట్టాను. అర నిమిషం కూడా పట్టలేదు.

కబురందుకుని ఏసోబు మరునాడే వచ్చాడు. మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కనుబొమ్మల మీద తవుడు అలాగే ఉంది. దరఖాస్తు మీద సంతకం పెట్టేముందు, కింద ఉన్న నా రిపోర్టు కూడా చదివాడు. ఏడో తరగతి దాకా చదివాడట. గదిలోంచి బయటికొచ్చి వరండాలో నా ఎదుట నిలబడ్డాడు.

“సార్, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. పాట అప్పుడు నా బిడ్డె కూసున్నదా?”

“లేదు.”

“నవ్విందా? పక్క పిల్లల ఆపిందా?”

“లేదు ఏసోబూ.”

“మరి అవమానం చేసింది అని రాసిన్రు గద సార్. నేను పాడు బిడ్డా అనే చెప్పిన. ఇంటలేదు. అది వేరే సంగతి. గని మీరు కండ్లార చూసినోళ్ళు గద, గట్ల ఎట్ల రాసిన్రు?”

అతను గట్టిగా మాట్లాడలేదు. గట్టిగా మాట్లాడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. వారం గడువు అడిగి, దరఖాస్తు సంతకం పెట్టకుండానే మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎస్తేరు బడికి రావడం మానేసింది.

నా మొదటి పోస్టింగు నిడమనూరులో. అప్పుడు నా దగ్గర ఖోఖో ఆడిన రజిత ఇప్పుడు మిర్యాలగూడలో వకీలు. ఆదివారం నాడు ఫోన్ చేసి వెళ్ళాను. జిరాక్సు షాపు పైన ఒక గది ఆమె ఆఫీసు. మొత్తం విని నాలుగైదు ప్రశ్నలు వేసింది. చివరి ప్రశ్న నాకు.

“సార్, జాతీయ గీతం అప్పుడు మీరు పాడుతరా?”

పాడతాను అనబోయి ఆగిపోయాను. నోట్లో విజిల్ ఉంటుంది. కళ్ళు వరుసల మీద ఉంటాయి. ఇరవై ఏళ్ళుగా రోజూ ఆ పాట నా ఎదుట నడిచింది. నేను పాడిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. అదే చెప్పాను.

రజిత నవ్వలేదు. “మీ మీద ఎవరన్న రిపోర్టు రాసిన్రా మరి?” అని కంప్యూటరు నా వైపు తిప్పింది.

ఆమె చెప్పిన సంగతి ఇది. ఎనభైల్లో కేరళలో ముగ్గురు పిల్లలు, ఒకే ఇంటివాళ్ళు, అచ్చం ఇట్లాగే అసెంబ్లీలో లేచి నిలబడేవాళ్ళు, పాడేవాళ్ళు కాదు. వాళ్ళ నమ్మకమూ ఇటువంటిదే. అక్కడా ఎవరో పెద్దమనిషి చూసి అడిగాడు, విచారణ జరిగింది. పిల్లలు బుద్ధిమంతులే, అగౌరవం ఏమీ చేయలేదని ఆ విచారణలోనే తేలింది. అయినా బడి నుంచి తీసేశారు. తండ్రి హైకోర్టుకు పోయి ఓడిపోయాడు. సుప్రీంకోర్టు దాకా పోతే, 1986లో ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమని తీర్పు వచ్చింది. పాట వచ్చేటప్పుడు మర్యాదగా లేచి నిలబడితే గౌరవం ఇచ్చినట్టే. నోరు తెరిచి పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. చట్టం లేకుండా విద్యాశాఖ ఉత్తర్వు ఒక్కటి చూపించి మనిషి మాట్లాడే హక్కును, నమ్మకాన్ని తీసేయడానికి లేదు. తీర్పు సారం అంతే.

“మాట్లాడే హక్కు అంటే మాట్లాడకుండ ఉండే హక్కు కూడ అని మాకు కాలేజీల ఈ కేసుతోనే చెప్పిన్రు సార్” అంది.

“అవమానానికి చట్టం ఉంది గద?”

“ఉంది. పాడేటోళ్ళను కావాలని ఆపితే, సభను చెడగొడితే శిక్ష. ఈ పిల్ల ఎవరిని ఆపింది? సినిమా హాళ్ళ ఉత్తర్వు కూడ తర్వాత కోర్టే సడలించింది. అప్పుడు కూడ లేసి నిలబడమన్నరు గని పాడమనలేదు.” మళ్ళీ తనే, “ఎనిమిదో తరగతి లోపు అయితే విద్యాహక్కు చట్టమే అడ్డం పడేది. తొమ్మిది కాబట్టి టీసీ అని దారి వెతికిన్రు. కేసు వేసే అవసరం రాదు సార్, తీర్పు చూపిస్తే చాలు. అయితే ఒకటుంది. పిల్లకు అడ్డమున్నది ఏ చట్టమూ కాదు, మీ సంతకం. అవమానించింది అని మీరే రాసిచ్చిన్రు.”

“అది వాపసు తీసుకోవచ్చునా?”

“వాపసు రాదు. ఇంకోటి రాయాలె. మొదటిది తప్పు అని మీరే రాయాలె. మీకు మెమో వస్తది. అది మాత్రం నేను ఆపలేను.”

తీర్పు ఇంగ్లీషులో ఉంది. ముఖ్యమైన చోట్ల ఆమె గీతలు గీసి ఇచ్చింది. ఇద్దరం కూర్చుని రెండు పేజీల్లో తెలుగులో రాసుకున్నాం. సాయంత్రం సూర్యాపేట బస్సులో ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, రెండో రిపోర్టు మనసులో ఎన్నిసార్లు రాశానో. నాకు ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. మెమో అంటే నవ్వులాట కాదు. ఇంటికెళ్ళి మా ఆవిడకు చెబితే, “మొదటిది రాసేటప్పుడు భయం కాలేదు గని, రెండోది రాయనీకి భయమైతుందా?” అంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున రాత్రి రాసిన కొత్త రిపోర్టు, తీర్పు కాగితాలు రెండూ మేడమ్ బల్ల మీద పెట్టాను. రెండో రిపోర్టులో ఒకటే విషయం ఉంది. ఆ విద్యార్థిని లేచి నిలబడింది, ఎవరినీ ఆపలేదు, నవ్వలేదు. అవమానించింది అన్న మాట నేను చూసినది కాదు, చేర్చినది. మేడమ్ మొదట అది చదివి ముఖం ఎర్ర చేసుకున్నారు. తర్వాత తీర్పు తీసుకున్నారు. ఆవిడ ఇంగ్లీషు బాగా చదువుతారు. ఒక చోట ఆగి, వేలు పెట్టి మళ్ళీ చదివారు.

“ఇక్కడ కూడా హెడ్మిస్ట్రెస్సేనండీ తీసేసింది. పైనుంచి చెబితే తీసేసిందట.” కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “నాకు పైనుంచి ఎవరూ చెప్పను కూడా లేదు మాస్టారూ. నేనే భయపడ్డాను.”

బుధవారం కమిటీ సమావేశం పెట్టారు. ఏసోబు ఒక పూట కూలి వదులుకుని వచ్చాడు. ఎస్తేరును వరండాలో కూర్చోబెట్టి మార్తమ్మ గుమ్మం దగ్గర నిలబడింది, కుర్చీ వేస్తే కూర్చోలేదు. తెలుగులో రాసుకున్న రెండు పేజీలు నేను చదివాను. చదువుతున్నప్పుడు నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. మైదానంలో అరవడం అలవాటు గానీ, అట్లా కూర్చుని మెల్లగా చదవడం అలవాటు లేదు.

సైదులు గారు చివరిదాకా విన్నారు. “కోర్టు మాట కోర్టుది. నేను పిల్లను అడుగుత. పిలువున్రి” అన్నారు.

ఎస్తేరు వచ్చి నిలబడింది.

“పాట మీద కోపమా బిడ్డా?”

“లేదు తాతా.”

“దేశం మీద?”

“లేదు తాతా. రోజూ దేశం కోసం ప్రార్థన చేస్త.”

“మరి పాట ఎందుకు పాడవు? మా తమ్ముని అసువంటోళ్ళు పానం పెట్టిన దేశం గద ఇది.”

ఎస్తేరు తల్లి వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. “ఆ తాత కోసమే లేసి నిలబడుత. పాడుడు నాకు దేవుని తాన చేసే పని. రెండూ కలిపితే నాకు మనసొప్పది. వేరేటోళ్ళు పాడితే తప్పు అని నేను అనను తాతా.”

సైదులు గారు తువాలతో ముఖం తుడుచుకున్నారు.

“నాకైతే నచ్చలే” అన్నారు. “ఇప్పటికీ నచ్చలే. గని నాకు నచ్చలేదని పిల్లను బడికెళ్ళి తీసేసుడు ఏం న్యాయం? ఉండనియ్యి మేడం. ఆ గ్రూపుల వీడియో నేను తీపిస్త.”

తీయించారు కూడా. అయితే అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఎవరికి తెలుసు.

కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది. ఎస్తేరు గురువారం బడికి వచ్చింది. ఖోఖో జిల్లా జట్టు ఎంపిక సూర్యాపేటలో మంగళవారమే జరిగిపోయింది. దానికి బడి నుంచి చదువుతున్నట్టు ధ్రువపత్రం కావాలి. కమిటీ కూర్చునేదాకా పిల్ల పేరు మీద టీసీ ఫైలు నడుస్తుండటంతో ఆ పత్రం మీద సంతకం కాలేదు. ఎంపిక వాయిదా పడేది కాదు. నేను రాసిన ఒక్క మాట ఖరీదు ఆ పిల్లకు ఒక ఏడాది. మైదానం పక్కన కూర్చోబెట్టి అదే చెప్పాను. నా తప్పు బిడ్డా అన్నాను. పిల్లల దగ్గర ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి.

“సరే సార్” అంది. లేచి నిలబడి, “రేపటి నుంచి ప్రాక్టీసు ఉంటదా?” అని అడిగింది. తర్వాత దండెం మీద ఆరేసిన జట్టు బనియన్ల వెనక్కి పోయి ఏడ్చింది. నేను అటు పోలేదు.

కొన్నాళ్ళు జట్టులో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆమె పక్కన కూర్చోలేదు. ఇంట్లో చెప్పి ఉంటారు. ఖోఖోలో ఒకళ్ళ వీపు మీద ఒకళ్ళు తట్టి లేపకపోతే ఆట నడవదు. అట్లా ఆటే మెల్లమెల్లగా కలిపింది, నేను చేసిందేమీ లేదు. మరుసటి ఏడు పదో తరగతిలో జిల్లాకు ఆడింది. అసెంబ్లీలో ఆ తర్వాతా పాడలేదు, ఆ తర్వాతా అందరికంటే నిటారుగా నిలబడింది.

నాకు మెమో వచ్చింది. ఒకే విషయం మీద రెండు రకాల రిపోర్టులు ఎందుకు ఇచ్చారో వివరించమన్నారు. వివరించాను. రెండు నెలల తర్వాత హెచ్చరికతో ముగించారు. రాజ్యలక్ష్మి మేడమ్ తన వంతుగా, టీసీ సంగతి మొదట అన్నది తానేనని అదే ఫైలులో రాసి సంతకం పెట్టారు. ఎవరూ అడగని సంతకం అది. ఆవిడ మీద నాకున్న గౌరవం ఆ రోజు నుంచి పెరిగింది.

ఇప్పుడు నేను వేరే బడిలో ఉన్నాను. కొత్తగా చేరిన టీచర్లు ఏదైనా గొడవ మీద రిపోర్టు ఎట్లా రాయాలని అడిగితే ఒకటే చెబుతాను. పిల్ల ఏం చేసిందో రాయండి. దానికి మనం పెట్టుకున్న పేరు రాయకండి. కూర్చుందా, నిలబడిందా, పాడిందా, లేదా, అంతవరకే మన కళ్ళకు తెలిసేది. అవమానం, పొగరు, తిరుగుబాటు లాంటి మాటలు చూసి రాసేవి కావు. కోపంలోనో భయంలోనో కలిపేవి. ఒకసారి సంతకం పడ్డాక అవి పిల్ల వెంట నడుస్తాయి.

ఇంకొకటి కూడా ఆ కేసులోనే తెలిసింది. ఆ తీర్పు వచ్చి అప్పటికి ముప్పై ఆరేళ్ళు. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను దాని పేరు కూడా వినలేదు. మా మేడమ్ వినలేదు. ఎస్తేరు కుటుంబమూ వినలేదు. హక్కు ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ ఉంది. ఊళ్ళో ఒక్కరికీ తెలియకపోవడం వల్ల లేనట్టే అయిపోయింది. ఢిల్లీలో పెద్ద కోర్టు చెప్పిన మాట మా బడి గేటు దాటి లోపలికి రావడానికి, దాన్ని చదివి నలుగురికీ వినిపించే మనిషి ఒకరు కావలసి వచ్చింది. ఆ పని తప్పు చేసినవాడి చేతికే వచ్చినందుకు సిగ్గూ ఉంది, కొంత నిమ్మళమూ ఉంది.